సున్నా టికెట్

మా వంటింటి క్యాలెండర్ మీద
పాలకు నీలం గీత, గ్యాస్ బుక్ చేసిన రోజుకు ఇంటూ,
నాకు ఎర్రచుక్క.
అటూ ఇటూ రెండ్రోజులు, అంతే.
పదకొండేళ్లుగా నా లెక్క నాకు తప్పలేదు.

బోనాల స్పెషల్ డ్యూటీలో పడి చూసుకోలేదు,
చూసేసరికి పన్నెండు రోజులు దాటింది.
అత్త యాదవ్వ నా మొహం చూసి
"నెల తప్పిందానే?" అంది.
ఎంత వింత మాట!
తప్పింది నెల కదా, మరి నన్నెందుకట్ల చూస్తరు,
దారిలో ఎక్కి పద్దు అడిగే
చెకింగ్ ఇన్‌స్పెక్టర్ లెక్క?
అమ్మైతే ఫోన్లో
"నీళ్లు పోసుకున్నవా బిడ్డా" అని ఏడ్చింది.
ఇన్నేళ్లు నెలనెలా తలకు పోసుకున్నవి
నీళ్లు కావన్నమాట,
పోసుకోని నెలకే ఆ పేరు.

దిల్‌సుఖ్‌నగర్ డిపో, ఐదుంపావు సర్వీసు.
ఎక్కిన ప్రతి ఆడమనిషికీ
మిషన్‌లోంచి సున్నా టికెట్ చింపి ఇస్తాను.
చింపుతూ లోలోపల నవ్వుకునేదాన్ని:
నాకూ ఈ నెల సున్నా, వచ్చే నెలా సున్నా,
ఇన్ని సున్నాలు కలిపితే ఒక మనిషి.

ఏడో వారం. చాదర్‌ఘాట్ దాటాక
అడుగున తడి.
ఒకప్పుడు రాకపోతే దడ,
ఇప్పుడు వస్తే దడ.
"రైట్ రైట్" అనబోతే నోరు పెగల్లేదు.
డ్రైవర్ ఖైసర్ భాయ్ అద్దంలో చూశాడు,
ఏమీ అడగలేదు,
కోఠి ఆస్పత్రి గేటు ముందు
స్టాపు కాని చోట బండి ఆపాడు.

డాక్టరమ్మ తెర నా వైపు తిప్పింది.
"ఇది ముట్టు కాదమ్మా, కడుపుతో ఉంటే ముట్టు రాదు.
నెత్తురు కనబడితే మాత్రం
చుక్కైనా సరే, ఆగకుండా రా."
తెర మీద గింజంత వెలుగు కొట్టుకుంటోంది.
నెలనెలా పరిచి, ఎవరూ రాక
చుట్టి పారేసే ఎర్ర పరుపు
ఈసారి తీయలేదట ఒళ్లు.
చుట్టమొచ్చింది కదా.

అలవాటుకొద్దీ బ్యాగులో ప్యాడ్ ఒకటి ఉండేది.
ఎనిమిదో నెలలో, చైతన్యపురిలో ఎక్కిన ఇంటర్ పిల్ల
చెవిలో అడిగి, నా పొట్ట చూసి నాలుక కరుచుకుంది.
ఇచ్చేశాను. మళ్లీ పెట్టుకోవడం మరిచాను.

ఆడపిల్ల పుట్టింది.
ఆపై నలభై రోజులు నెత్తురు,
ఎగ్గొట్టిన బకాయంతా
ఒక్కసారే వసూలు చేసినట్టు.
కాదంట. అదీ ముట్టు కాదంట,
మాయ ఊడిన చోట పచ్చి మానుతోందంట.
ఎరుపుల్లో ఇన్ని రకాలుంటే
నా దగ్గరున్నది ఒక్కటే పెన్ను.

పాలిస్తున్నన్నాళ్లూ మళ్లీ నిశ్శబ్దం.
పక్కింటి రాబియా ఆపా నవ్వుతూ
వేలు చూపి బెదిరించింది:
"రాలేదని నమ్మకు. నేను ముట్టు మొహం చూడకుండనే
రెండోవాడు కడుపుల పడ్డడు."

నిన్న, పిల్లకు పదకొండో నెల.
మలక్‌పేట రైలు బ్రిడ్జి కింద నీళ్లు నిలిచి
బండ్లన్నీ ఆగిన చోట
పొత్తికడుపులో పాత నొప్పి,
తాళంచెవి ఇంకా తన దగ్గరే ఉన్నట్టు
తలుపు కొట్టకుండా వచ్చింది.
బ్యాగులో చిల్లర, పేపర్ రోలు,
పొద్దున పొరపాటున పడిన పిల్ల గుడ్డ ఒకటి,
యాదవ్వ పాత చీర చింపి కుట్టినది.
డిపో బాత్రూంలో దాన్నే మడిచి పెట్టుకున్నాను.
తన రోజుల్లో ఆమె
చీరలు దేనికి చింపేదో
ఎప్పుడూ అడగలేదు నేను.

ఇంటికొచ్చి చుక్క పెట్టబోతే
పెన్ను రాయలేదు, ఎండిపోయింది.
నాలుకకు తడిపి గీకాను,
అరచేత్తో రుద్దాను, మళ్లీ గీకాను.
చంకలోంచి పిల్ల చెయ్యి చాచి లాగింది.
తారీకు పక్కన
గులాబీ రంగులో
చిన్న గీరు పడింది.